మీ ప్రశ్నలు, మా జవాబులు: జెల్లలు, మార్పులు, మ్యూజియం సీసాలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం మంచినీటి క్యాట్‌ఫిష్ నమూనాల గురించే వచ్చాయి. జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి అంటూ మనం విడివిడిగా పిలుచుకునే పొలుసులు లేని మీసాల చేపలన్నీ ఈ గుంపులోవే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చాలా కళాశాలల జంతుశాస్త్ర మ్యూజియాల్లో ఇవి దశాబ్దాలుగా సీసాల్లో ఉన్నాయి. వాటిని నిజంగా పనికొచ్చే సేకరణగా మార్చాలని అడిగినవారికి ముందుగా జవాబిస్తున్నాం.

*

మా కళాశాల మ్యూజియంలో నలభైకి పైగా పాత చేపల సీసాలున్నాయి. కొన్నింటికి చీటీలు ఊడిపోయాయి. ఒకదాని మీద "క్లేరియస్ బట్రాకస్, కృష్ణానది, 1974" అని మాత్రమే ఉంది. సీసాలన్నీ కడిగి, కొత్త ద్రవం పోసి, కొత్త చీటీలు అంటించాలనుకుంటున్నాం. సరైన పద్ధతేనా?
*అధ్యాపకురాలు, గుంటూరు*

కడగడం చివరి పని. మొదట ఏ సీసానూ కదపకండి. అల్మారాలో ఉన్నది ఉన్నట్టు, అర తర్వాత అర, ఫొటోలు తీయండి. ఊడిన చీటీ ఏ సీసా వెనక పడి ఉందో, ఏ సీసా దేని పక్కన ఉందో అన్నది కూడా ఆధారమే. సీసాలు తీసి కడిగిన మరుక్షణం అది పోతుంది. తర్వాత ప్రతి సీసాకూ ఒక తాత్కాలిక నంబరు ఇవ్వండి. సీసా బయట, లోపల, మూత మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ తప్పులతో సహా అలాగే రాసుకోండి. పాత స్టాక్ రిజిస్టర్లు, కొనుగోలు బిల్లులు, ప్రాక్టికల్ పరీక్షల జాబితాలు ఉంటే బయటికి తీయండి. సీసా మీద నంబరు మాత్రమే మిగిలిన చేపకు ఊరు, తేదీ ఆ రిజిస్టర్లోనే దొరుకుతాయి.

పాత చీటీని ఎప్పటికీ తీసేయకూడదు. పేరు తప్పని తేలినా సరే, దాని పక్కన ఇంకో చీటీ చేరుతుందే తప్ప పాతది పోదు. మీరు రాసిన 1974 సీసాయే ఇందుకు మంచి ఉదాహరణ. భారతదేశపు మార్పు చేపను చాలాకాలం క్లేరియస్ బట్రాకస్ అనే పిలిచారు. అసలు బట్రాకస్ జావా ద్వీపపు చేప అని 2008లో తేలింది. మన చేపకు 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు నిలబడి, అది క్లేరియస్ మాగూర్ అయింది. కాబట్టి మీ సీసాలో కొత్త నిర్ధారణ చీటీ వేయండి. అందులో కొత్త పేరు, నిర్ధారించినవారి పేరు, సంవత్సరం, దేని ఆధారంగా నిర్ధారించారో ఒక ముక్క ఉండాలి. పాత చీటీలోని బట్రాకస్ అలాగే ఉండనివ్వండి. 1974లో ఈ చేపను ఏమని పిలిచారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. అయితే ఒక జాగ్రత్త. పేరు మారింది కదా అని సీసా తెరవకుండానే మాగూర్ అని రాయకండి. చేపను బయటికి తీసి, లక్షణాలు చూసి, అప్పుడే రాయాలి.

"కృష్ణానది" అన్న మాటకు కూడా ఇదే మర్యాద కావాలి. కృష్ణ పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. మీ కళాశాల గుంటూరులో ఉంది కాబట్టి చేప ప్రకాశం బ్యారేజీ దగ్గరిదే అయి ఉంటుందని ఊహించి "విజయవాడ" అని చేర్చితే, ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని ఊహ అని ఎవరూ గుర్తుపట్టలేరు. రిజిస్టర్‌లో రెండు గళ్లు పెట్టండి. ఒకదాంట్లో చీటీ మీద ఉన్న మాట యథాతథంగా, రెండోదాంట్లో మీ వివరణ. జిల్లాల పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా గుంటూరు జిల్లా ఇప్పటికంటే చాలా పెద్దది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ విభజన జరిగి బాపట్ల, పల్నాడు విడిపోయాయి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. పాత చీటీ మీద "కృష్ణా జిల్లా" అని ఉంటే అది ఈనాటి కృష్ణా జిల్లా కాదు. "బెజవాడ" అని ఉన్నా దిద్దకండి.

సీసాలో ఉన్నది ఫార్మలినో స్పిరిటో (ఇథనాల్ అనే ఆల్కహాల్) తెలియకపోతే వాసన చూసి తేల్చకండి. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. పిపెట్‌తో కొంత ద్రవం తీసి హైడ్రోమీటరుతో సాంద్రత చూడండి. నీటికంటే తేలికైతే స్పిరిట్, కాస్త బరువైతే ఫార్మలిన్.

ఏ వివరమూ దొరకని సీసాలుంటాయి. వాటిని పారేయకండి, అలాగని మిగతావాటితో కలపకండి. "వివరాలు లేవు, బోధనకు" అని వేరే అరలో పెట్టండి. విద్యార్థులు మీసాలు, ముళ్లు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి అవి చాలు. ఊరు, తేదీ ఉన్న సీసాలను ఆ పనికి వాడి పాడుచేసుకోనక్కర్లేదు.

*

బజార్లో కొన్న జెల్లలను ఫార్మలిన్‌లో వేశాను. వారానికి పొట్ట ఉబ్బి, రంగు పోయి, ఒళ్లు వంకరపోయింది. మీసాలు ముట్టుకుంటే విరుగుతున్నాయి. ఎక్కడ తప్పు జరిగింది?
*ఎమ్మెస్సీ విద్యార్థి, విజయవాడ*

ఒక్క తప్పు కాదు, నాలుగైదు కలిశాయి. వరసగా చూద్దాం.

చేప చేతికి రాగానే దానికి ఒక ఫీల్డ్ నంబరు ఇచ్చి, ఆ నంబరు చీటీ చేపతో పాటే కదిలేలా చూడండి. నీటితో మెల్లగా కడిగి జిగురు పోగొట్టాలి. పొలుసులు లేని ఈ చేపలకు జిగురెక్కువ. అది ఫార్మలిన్‌లో గడ్డకట్టి తెల్లటి పొరలా చర్మానికి అంటుకుంటే మచ్చలు, చారలు కనిపించవు. వెంటనే ఫొటో తీయాలి, ఎందుకంటే రంగును ఏ ద్రవమూ నిలబెట్టదు. ఎడమ పక్క మొత్తం, తల పైనుంచి, నోరు కింది నుంచి, ఇలా మూడు ఫొటోలు. పక్కన స్కేలు, నంబరు తప్పనిసరి. తల పై భాగపు ఫొటోను చాలామంది వదిలేస్తారు. క్యాట్‌ఫిష్‌లో తల వెనక పొడుచుకొచ్చే ఎముక, అది వీపు ముల్లు వైపు ఎంతవరకు వెళ్లిందన్నది జాతిని తేల్చే లక్షణం.

డీఎన్‌ఏ కోసం ముక్క తీయాలనుకుంటే ఫార్మలిన్‌కి ముందే తీయాలి. ఫార్మలిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కుడి వైపు కండరం కందిగింజంత తీసి 95 శాతానికి తగ్గని ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. చిన్న గొట్టం మీద కూడా అదే ఫీల్డ్ నంబరు. కోతలన్నీ కుడి వైపే. ఎడమ పక్క కొలతలకు, ఫొటోలకు చెక్కుచెదరకుండా ఉండాలని ప్రపంచమంతా పాటించే పద్ధతి ఇది.

ఇప్పుడు ఫార్మలిన్. దుకాణంలో దొరికే సీసాలో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పుస్తకాల్లో "పది శాతం ఫార్మలిన్" అంటే ఆ సీసా ద్రవం ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. ఇక్కడే చాలామంది పొరబడి, ఫార్మాల్డిహైడే పది శాతం ఉండాలనుకుని ఒకటికి మూడు పాళ్లు కలుపుతారు. అంత ఘాటులో పైపొర గట్టిపడిపోయి లోపలికి ద్రవం సరిగా దిగదు. మీసాలు గడ్డిపరకల్లా పెళుసవుతాయి. లీటరుకు 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 900 నీళ్లు, 3 గ్రాముల బోరాక్స్ చాలు. ఇంకా నమ్మకంగా కావాలంటే బోరాక్స్ బదులు సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు కలపండి. ఈ క్షారం ఎందుకంటే, ఫార్మలిన్ ఊరికే నిల్వ ఉన్నా మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం ఎముకల్లోని కాల్షియాన్ని కరిగిస్తుంది. జెల్ల ముల్లు మీది రంపపు పళ్లు లెక్కపెట్టాలనుకున్న రోజుకు అవి మెత్తబడి ఉంటాయి. కొన్న సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే అది పారాఫార్మాల్డిహైడ్. అంటే పైనున్న ద్రవం బలం తగ్గింది. దాన్ని కొలత లెక్కకు నమ్మకండి.

పొట్ట ఉబ్బిందంటే ద్రవం లోపలికి చేరకముందే పేగులు కుళ్లాయి. మన ఎండల్లో ఇది గంటల్లో జరిగే పని. 15 సెంటీమీటర్లు దాటిన చేపకు కుడి వైపు పొట్ట మీద రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టండి. గాటు వద్దనుకుంటే సిరంజితో పొట్టలోకి, వెన్ను పక్క మందపు కండరంలోకి అదే పది శాతం ద్రవాన్ని ఎక్కించండి. పాత్రలో చేపలు మూడో వంతుకు మించకూడదు. ద్రవం తక్కువైతే చేప ఒంట్లోని నీరే దాన్ని పలచన చేస్తుంది.

ఒళ్లు వంకరపోయిందంటే నేరుగా ఇరుకు సీసాలో దింపారన్నమాట. మొదట చదునైన ట్రేలో ఎడమ పక్క పైకి ఉండేలా, వంకర లేకుండా పరచండి. మీసాలను శరీరం వెంబడి వెనక్కి సర్దండి. రెక్కలను గుండుసూదులతో విప్పి, వాటి మొదళ్లకు కుంచెతో చిక్కటి ఫార్మలిన్ రాసి కొద్ది నిమిషాలు ఆగితే విప్పినట్టే బిగుసుకుంటాయి. జెల్ల వీపు ముల్లుకు, రొమ్ము ముళ్లకు తాళం ఉంటుంది. లాగి మడిస్తే కీలు విరుగుతుంది. వీపు ముల్లు మొదట్లో ఉన్న చిట్టి ముల్లును వేలితో వెనక్కి నొక్కితే తాళం వదులుతుంది. ఎడమ రొమ్ము ముల్లును పళ్లు కనిపించేలా కొంచెం విప్పి ఉంచండి, కుడిది మూసేయండి. రెండూ విప్పితే సీసాలో పక్క చేపలను చీరేస్తాయి. ట్రేలో ద్రవం పోసి, పైన గాజుగుడ్డ తడిపి కప్పి, బిగుసుకున్నాక పెద్ద పాత్రలోకి మార్చండి.

పది సెంటీమీటర్ల లోపు చేపకు రెండు మూడు రోజులు, పాతిక దాకా ఉన్నదానికి వారం, అంతకు మించితే పది రోజుల నుంచి రెండు వారాలు. తల వెనక మందమైన చోట నొక్కితే గట్టిగా ఉండాలి. తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, 30 శాతం, 50 శాతం, ఆపైన 70 శాతం ఇథనాల్‌లోకి, మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున ఎక్కించండి. నీళ్లలోంచి నేరుగా 70లో పడేస్తే చర్మం ముడతలు పడి కళ్లు లోపలికి పోతాయి. పొలుసుల్లేని చేపలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 96 శాతం స్పిరిట్ 730 మిల్లీలీటర్లు తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేస్తే 70 శాతం వస్తుంది. కుళాయి నీళ్లు వాడితే అందులోని లవణాలు పొగమంచులా తేలతాయి. స్పిరిట్ కొనుగోలుకు ఎక్సైజ్ అనుమతి కళాశాల పేరుమీద ఉండాలి. వాడేసిన ఫార్మలిన్‌ను మాత్రం కాలువలోనో సింకులోనో పోయకండి. మూతపెట్టిన డబ్బాలో చేర్చి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.

ఒక మాట మిగిలింది. బజార్లో కొన్నారు కాబట్టి, చేప ఊరు "విజయవాడ" కాదు. ఆ బుట్ట చెరువుదో, నాగార్జునసాగర్ వెనక నీళ్లదో, కొల్లేటిదో. అమ్మినవారిని అడిగి వారు చెప్పింది రాసుకుని, పక్కనే "బజార్లో కొన్నది" అని స్పష్టంగా చేర్చండి. ఆ రెండు మాటలు లేని నమూనా, విజయవాడ దగ్గర కృష్ణలో ఎన్నడూ లేని చేపను ఉందని నమ్మిస్తుంది.

*

చీటీ రాయడానికి ఏ పెన్ను మంచిది?
*ల్యాబ్ సహాయకుడు, తెనాలి*

మెత్తని పెన్సిల్, లేకపోతే కార్బన్ ఉన్న ఇండియన్ ఇంకు. బాల్‌పెన్ స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటు కూడా అంతే. లేజర్ ప్రింటు అక్షరాలు కాగితం నుంచి పెచ్చులుగా లేచి సీసా అడుగున చేరతాయి. కాగితం పత్తితో చేసినది, మందమైనది కావాలి. ఏ కాగితమైనా, ఏ ఇంకైనా సరే, ఒక ముక్క రాసి, ఆరాక 70 శాతం స్పిరిట్‌లో వారం నానబెట్టి, వేలితో రుద్ది చూసి అప్పుడు మొదలుపెట్టండి. అసలు చీటీ సీసా లోపలే ఉండాలి. బయట అంటించేది వెతుక్కోవడానికి మాత్రమే.

*

ఏటా వేసవి దాటేసరికి సీసాల్లో స్పిరిట్ సగానికి వస్తోంది. ప్రతిసారీ 70 శాతం కలిపి నింపుతున్నాం. అయినా చేపలు మెత్తబడుతున్నాయి.
*మ్యూజియం బాధ్యుడు, విజయవాడ*

మెత్తబడటానికి కారణం ఆ నింపడంలోనే ఉంది. మూత సందుల్లోంచి నీటికంటే ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతుంది. సీసాలో మిగిలింది 70 కాదు, 55 అయి ఉండొచ్చు. దానికి 70 కలిపితే మొత్తం 62 అవుతుంది. వచ్చే ఏడాది ఇంకా తగ్గుతుంది. కొన్నేళ్లకు సీసా నిండుగానే కనిపిస్తుంది, లోపల చేప కుళ్లుతుంటుంది. నింపే ముందు ఆల్కహాల్ మీటరుతో కొలవాలి. ఎంత తగ్గిందో చూసి, 96 శాతం స్పిరిట్‌తో సరిచేయాలి.

కొలతలో ఒక మెలిక ఉంది. మీటర్లు సాధారణంగా 20 డిగ్రీల వేడికి గీసి ఉంటాయి. మన గది 32 డిగ్రీలుంటే మీటరు అసలుకంటే సుమారు నాలుగు పాళ్లు ఎక్కువ చూపిస్తుంది. 70 చూపిందంటే ఉన్నది 66 దగ్గర. మీటరుతో వచ్చే సవరణ పట్టిక చూడండి, లేదా ఒక గ్లాసు ద్రవాన్ని చల్లబరిచి కొలవండి.

మూతల సంగతి. ఇనుప మూతలు తుప్పు పడతాయి, బేకలైట్ మూతలు పగులుతాయి, రబ్బరు వాషర్లు జిగురుగా మారతాయి. లోపల పాలిథిన్ ఫోమ్ పొర ఉన్న పాలీప్రొపిలీన్ మూతలు మన వేడికి బాగా నిలుస్తాయి. చేపను తల కిందికి, తోక పైకి ఉండేలా దింపితే తోక రెక్క వంగిపోదు. కానీ ద్రవం తగ్గినప్పుడు ముందు ఎండేది ఆ తోకే, కాబట్టి మూడు నెలలకోసారి అరలన్నీ చూడాలి. పడమటి గోడ పక్కన, కిటికీ ఎండలో సీసాలు వద్దు. 70 శాతం స్పిరిట్ 17 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి ఇస్తుంది. అంటే విజయవాడలో ఏడాది పొడవునా దాదాపు అన్ని రోజులూ ఆ గదిలో నిప్పు ప్రమాదం ఉన్నట్టే. స్టవ్, నిప్పురవ్వలు వచ్చే పాత స్విచ్చులు ఆ గదిలో ఉండకూడదు.

పూర్తిగా ఎండిపోయిన చేపను నేరుగా స్పిరిట్‌లో వేస్తే అది చెక్కలాగే ఉండిపోతుంది. అర శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో మెత్తబడే దాకా నానబెట్టి, నీళ్లలో కడిగి, మళ్లీ మెట్లు మెట్లుగా స్పిరిట్‌లోకి తీసుకెళ్లండి. కొలతలు మునుపటంత నమ్మకం కావని రిజిస్టర్‌లో రాయండి.

*

జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి సీసాలు పక్కపక్కనే పెట్టాం. రికార్డు రాసేటప్పుడు ఏ లక్షణాలు తప్పకుండా నమోదు చేయాలి?
*పరిశోధక విద్యార్థిని, నాగార్జున నగర్*

ముందు మీసాలు. జెల్లకు నాలుగు జతలు, మార్పుకు, ఇంగిలాయికీ నాలుగే, వాలుగకు రెండే. సంఖ్యతో ఆగకండి. పై దవడ మీసాన్ని వెనక్కి పరిచి అది ఎక్కడిదాకా చేరిందో రాయండి. జెల్లల్లో స్పెరాటా ఆవోర్ అనే జాతిలో అది తోక మొదలు దాకా వెళ్తుంది, స్పెరాటా సీంఘాలాలో అంత దూరం వెళ్లదు. మీసం విరిగి ఉంటే "విరిగింది" అని రాయాలి. పొట్టి మీసం అని రాస్తే వేరే జాతి అయిపోతుంది.

తర్వాత వీపు మీద వెనక ఉండే కొవ్వు రెక్క, అంటే ముళ్లు, కిరణాలు లేని కండ. జెల్లకు ఉంటుంది, మార్పుకు, ఇంగిలాయికి ఉండదు. మిస్టస్ కవాసియస్ అనే జెల్లలో అది పొడవుగా, ముందున్న వీపు రెక్కను దాదాపు ఆనుకుని మొదలవుతుంది. మిస్టస్ విట్టాటస్‌లో రెండింటి మధ్య స్పష్టమైన ఖాళీ ఉంటుంది. మార్పుకు అసలు వీపు రెక్కే తోక దాకా సాగుతుంది. ఇంగిలాయిది చిన్నది, ఆరేడు కిరణాలు. వాలుగను, దాన్ని పోలిన ఓంపాక్‌ను విడదీయాలంటే నోరు చూడండి. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి వెళ్తే వాలుగ.

వాలుగ శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ఆ వల్లాగో మన మాటే. విశాఖపట్నంలో చేపలను గీయించి 1803లో అచ్చువేసిన ప్యాట్రిక్ రస్సెల్ దానిని ఇక్కడివాళ్లు పిలిచిన పేరుతోనే రాశాడు. అక్కణ్ణుంచే అది లాటిన్‌లోకి చేరింది. అందుకే రికార్డులో స్థానిక పేరుకు ఒక గడి వదలండి. తెనాలిలో ఒక పేరు, కైకలూరులో మరొకటి వినిపిస్తే రెండూ, ఎక్కడ విన్నారో సహా.

కొలతల్లో ప్రామాణిక పొడవు ముఖ్యం. మూతి కొస నుంచి తోక ఎముకలు ముగిసే చోటు దాకా. తోకను మెల్లగా పక్కకు వంచితే ముడత పడే చోటే అది. తల పొడవు మొప్ప మూత ఎముక అంచు దాకానే. ఆపైన ఉండే మెత్తటి పొరను కొందరు కలుపుతారు, కొందరు కలపరు, అందుకే ఒకే చేపకు రెండు కొలతలు వస్తుంటాయి. కాలిపర్‌తో 0.1 మిల్లీమీటరు దాకా, ఎడమ పక్కన కొలవండి. చేప ఫార్మలిన్‌లో, స్పిరిట్‌లో కొద్దిగా కుంచించుకుపోతుంది, కాబట్టి "తాజాగా" కొలిచారో "నిల్వలో" కొలిచారో రాయకపోతే ఆ అంకె సగం పనికిరాదు.

తేలని చేపకు జాతి పేరు బలవంతంగా పెట్టకండి. "మిస్టస్ ప్రజాతి" దాకా రాసి ఆపడం తప్పు కాదు. తర్వాతివారు తేలుస్తారు. తప్పు పేరుతో ఉంటే వాళ్లు ఆ సీసా తెరవనే తెరవరు.

*

నంబర్లు ఎలా ఇవ్వాలి? ఒక్కో చేపకా, ఒక్కో సీసాకా?
*డిగ్రీ విద్యార్థి, గుంటూరు*

ఒకే జాతి, ఒకే చోటు, ఒకే రోజు, ఒకే వలలో వచ్చినవన్నీ ఒక లాటు. లాటుకు ఒక క్యాటలాగ్ నంబరు, పక్కన ఎన్ని చేపలో లెక్క. అందులోంచి ఒక చేపను ఎక్స్‌రేకో, డీఎన్‌ఏకో విడదీస్తే దానికి కొత్త నంబరు ఇచ్చి, రెండు చోట్లా ఒకదాని నంబరు ఇంకోదాని దగ్గర రాయండి. రద్దయిన నంబరును మళ్లీ వాడకండి. నంబరు బిళ్లను చేపకే నూలు దారంతో కట్టాలి. కుడి మొప్ప సందులోంచి నోటి గుండా తెచ్చి వదులుగా ముడి వేస్తే మీసాలు దెబ్బతినవు. తేదీ 04/07 అని రాస్తే ఏప్రిల్ ఏడో, జూలై నాలుగో తెలియదు. 2024-07-04 అని సంవత్సరంతో మొదలుపెట్టండి. అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో, డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే కొలత ప్రమాణం) అని చెప్పి, ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో చేర్చండి. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు గళ్ల పేర్లు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టకుండా నమూనాల సమాచారానికి మ్యూజియంలు ఉమ్మడిగా వాడే డార్విన్ కోర్ ప్రమాణంలోవే వాడితే, రేపు ఏ మ్యూజియంతో పంచుకోవాలన్నా మళ్లీ టైపు చేయక్కర్లేదు.

*

మా చెరువు వలలో ఒళ్లంతా గట్టి పలకలున్న సక్కర్ చేపలు పడుతున్నాయి. మ్యూజియానికి ఇవ్వాలంటే ఏం చేయాలి? కొల్లేటి జెల్లలు కూడా పట్టివ్వమంటున్నారు, పట్టొచ్చా?
*చేపల రైతు, విజయవాడ దగ్గర*

తప్పకుండా ఇవ్వండి. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారంతో వచ్చిన ఈ చేప ఏ కాలువలో, ఏ చెరువులో, ఏ రోజు కనిపించిందన్న నమోదు చాలా విలువైనది. మీ దగ్గర ఫార్మలిన్ అక్కర్లేదు. చేపను మళ్లీ నీళ్లలో వదలకుండా, బతికుంటే మత్తెక్కి చనిపోయేలా లవంగ నూనె కలిపిన నీళ్లలో ఉంచండి. నూనె ఒక పాలు, స్పిరిట్ తొమ్మిది పాళ్లు ముందే కలిపి, ఆ మిశ్రమం లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు. ఇది గాలి కూడా పీల్చగలిగే చేప, మొప్పలు ఆగాక కూడా అరగంట పైగా అందులోనే ఉండనివ్వండి. తర్వాత పాలిథిన్ సంచిలో వేసి, పెన్సిల్‌తో ఊరు, చెరువు, తేదీ రాసిన కాగితం చేపతో పాటే లోపల పెట్టి, ఫ్రిజ్‌లోని ఐసు అరలో ఉంచండి. పొట్ట మీది మచ్చల ఫొటో ఒకటి తీయండి. వానపాముల్లాంటి గీతలా, విడివిడి చుక్కలా అన్నదాన్ని బట్టి జాతి ఊహిస్తారు, కానీ ఇవి ఒకదానితో ఒకటి కలిసి సంకరమవుతుంటాయి. అందుకే మ్యూజియంవారు టెరిగోప్లిక్తిస్ ప్రజాతి అని మాత్రమే రాస్తే అది బద్ధకం కాదు. పలకల వల్ల ఫార్మలిన్ దిగదు కాబట్టి వారు పొట్ట మెత్తటి చోట గాటు పెట్టాలి.

కొల్లేరు సంగతి వేరు. అది 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. దాని హద్దుల్లో నమూనాలు పట్టాలంటే అడిగినవారి దగ్గర అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ కాగితం నకలు మీరు కూడా తీసుకున్నాకే వల వేయండి. అనుమతి నంబరు నమూనా రికార్డులోకీ ఎక్కాలి. ఎవరైనా కొత్త జాతిని కనుగొంటే, జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రభుత్వం నిర్దేశించిన సంస్థకు తెలిపి నమూనా అక్కడ జమ చేయాలి. జంతువులకు ఆ సంస్థ భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ. మనకు దగ్గర్లో దాని మంచినీటి జీవశాస్త్ర కేంద్రం హైదరాబాద్‌లో ఉంది.

*

ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ల్యాబ్‌లో ఏం చేయాలి?
*ల్యాబ్ సహాయకురాలు, మంగళగిరి*

రొమ్ము ముల్లులో విషం ఉంటుంది, నొప్పి తీవ్రం. చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 40 నుంచి 45 డిగ్రీల మధ్య, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. మరో మనిషి ఆ నీళ్ల వేడి చూడాలి, ఎందుకంటే నొప్పిలో ఉన్న చేతికి కాలుతున్నదీ తెలియదు. ముల్లు ముక్క లోపల మిగిలిందేమో డాక్టరుకు చూపించి, ధనుర్వాతం ఇంజక్షన్ సంగతి అడగండి. బతికున్న ఇంగిలాయిని వట్టి చేత్తో కాదు, చిన్న వలతో ఎత్తి నేరుగా లవంగ నూనె నీళ్లలోకి దింపండి. ఫార్మలిన్ తడి ఉన్న నమూనా ముల్లు గుచ్చుకున్నా చేయి వెంటనే పారే నీళ్ల కింద కడగాలి. సన్నటి నైట్రైల్ గ్లోవ్స్‌ను ఈ ముల్లు తేలిగ్గా చీలుస్తుంది, అందుకే ముళ్లు లెక్కపెట్టేటప్పుడు చేపను వేళ్లతో కాకుండా మొద్దు మొన ఉన్న ఫోర్సెప్స్‌తో పట్టుకోండి.